వసంతంలో గాలం దేనికి వెయ్యాలి: క్రాపీకా, బాస్‌కా? డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళ కోసం

ఫిబ్రవరి చివరి వారం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈ శనివారం పిల్లల్ని చేపలకి తీసుకెళ్దామనుకుంటున్నాం, బాస్‌కి వెళ్ళమంటావా, క్రాపీకి వెళ్ళమంటావా?" అని. రెండూ ఇక్కడి చెరువుల్లో దొరికే మంచినీటి చేపలే. జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. చేతిలో ఒక్క శనివారమే ఉండి, వెంట పిల్లలో పెద్దవాళ్ళో ఉండి, రాత్రికి ఇంట్లో చేపల వేపుడు కావాలంటే కళ్ళు మూసుకుని క్రాపీకి వెళ్ళండి. నాలుగైదు తెల్లవారుజాములు దీనికే ఇవ్వగలరు, రెండుసార్లు ఖాళీ చేతులతో తిరిగొచ్చినా విసుగు రాదు, జీవితంలో ఒక్క పెద్ద చేపనైనా పట్టి ఫోటో దిగాలని ఉంది అంటే బాస్‌కి వెళ్ళండి. అయితే ఏది ఎంచుకున్నా, ఆ రోజు నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో చూడకుండా మాత్రం ఇంట్లోంచి కదలకండి. వసంతంలో మొత్తం లెక్క అదే. క్యాలెండర్ చూసి వెళ్ళినవాళ్ళు నీళ్ళని చూస్తూ కూర్చుంటారు, థర్మామీటర్ చూసి వెళ్ళినవాళ్ళు చేపలు పడతారు.

లార్జ్‌మౌత్ బాస్, క్రాపీ, ఇక్కడ పిల్లలు మొదట పట్టే బ్లూగిల్, ఇవన్నీ ఒకే ఇంటివి. సన్‌ఫిష్ కుటుంబం. అందుకే వసంతంలో వీటి నడక కూడా ఒకటే. చలికాలమంతా లోతుల్లో ఉంటాయి, నీళ్ళు వెచ్చబడేకొద్దీ మెట్టు మెట్టుగా ఒడ్డు వైపు జరుగుతాయి, లోతు తక్కువగా ఉన్న చోట మగ చేప గూడు సిద్ధం చేసుకుంటుంది, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, మగది కాపలా కాస్తుంది. తేడా అంతా ఏ వేడికి ఏది కదులుతుందన్న దగ్గరే. నీళ్ళు 50 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక బాస్‌లో కదలిక వస్తుంది, 55 నుంచి 60 మధ్య గుడ్ల కడుపుతో ఉన్న ఆడవి బాగా తింటాయి, 60 దాటాక, అంటే మన లెక్కలో 15, 16 సెల్సియస్ దాటాక, గూళ్ళు కనిపిస్తాయి. క్రాపీ 50ల చివర్లో ఒడ్డు దగ్గరికి గుంపులుగా చేరి, 60 నుంచి 68 మధ్య గుడ్లు పెడుతుంది. మామూలు సంవత్సరాల్లో డాలస్ చుట్టుపక్కల మార్చి బాస్ నెల, మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా క్రాపీ నెల, నడుమ రెండు మూడు వారాలు రెండూ కలిసి నడుస్తాయి. హ్యూస్టన్ వైపు ఇంకా ముందు. ఒహాయో, మిషిగన్‌లలో ఉన్న మన బంధువులకి ఇదే కథ ఏప్రిల్ చివర్లో, మే నెలలో జరుగుతుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో కొన్నింట్లో గుడ్లు పెట్టే కాలంలో బాస్‌ని ఇంటికి తీసుకెళ్ళకూడదన్న నియమం కూడా ఉంటుంది కాబట్టి మీ రాష్ట్రం రూల్స్ ఒకసారి చదువుకుని బయల్దేరండి.

నేను కారులో ఒక చిన్న థర్మామీటర్‌కి ఆరడుగుల తాడు కట్టి ఉంచుకుంటాను. ఒడ్డున నిలబడి రెండడుగుల లోతుకి దించి, రెండు నిమిషాలు ఉంచి చూస్తే చాలు. ఒకే చెరువులో ఒకే రోజు రెండు చోట్ల నాలుగైదు డిగ్రీల తేడా ఉంటుందంటే కొత్తవాళ్ళు నమ్మరు గానీ ఉంటుంది. ఉత్తరం గాలి తగలకుండా, రోజంతా ఎండ పడే మూలలు, అంటే చెరువుకి వాయవ్యం వైపు ఒడ్డులోకి చొచ్చుకుపోయిన చిన్న చిన్న కోవ్‌లు, అన్నింటికంటే ముందు వెచ్చబడతాయి. మార్చి మొదట్లో చేపలు ఆ మూలల్లోనే దొరుకుతాయి, చెరువు మిగతా అంతా ఖాళీగా అనిపిస్తుంది.

ఇక క్రాపీ సంగతి. కొత్తవాళ్ళకి ఇది ఎందుకు సులువంటే, ఇది గుంపు చేప. ఒకటి తగిలిన చోట ఇంకో పది ఉంటాయి. పడిపోయిన చెట్టు కొమ్మలు, నీళ్ళలో మోడులు, రెల్లు దుబ్బులు, ఫిషింగ్ డాక్ స్తంభాలు, బ్రిడ్జిల కింద కాంక్రీట్ పిల్లర్లు, వీటిని అంటిపెట్టుకుని ఉంటుంది. వసంతంలో రెండడుగుల నుంచి ఆరడుగుల లోపే ఉంటుంది కాబట్టి పడవ అక్కర్లేదు, నీళ్ళలో చేపల్ని వెతికే సోనార్ అక్కర్లేదు, మన ఊళ్ళో పిల్లలు బెండు కట్టి వేసే గాలానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఒక తేలికపాటి స్పిన్నింగ్ రాడ్, ఆరు పౌండ్ల దారం, పైకీ కిందికీ జరిపే స్లిప్ బాబర్, అంటే నీళ్ళ మీద తేలే బెండు ఒకటి, సన్నటి తీగతో చేసిన చిన్న హుక్, దానికి బతికున్న మిన్నో చేపపిల్ల. అంతే. హుక్ సన్నటిదే ఎందుకంటే, కొమ్మల్లో ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే అది నిటారుగా సాగి బయటికి వచ్చేస్తుంది, మళ్ళీ వేళ్ళతో వంచుకోవచ్చు. లావు హుక్ అయితే ప్రతి పది నిమిషాలకీ దారం తెంపుకోవాలి, పిల్లలు ఏడుపు మొహం పెడతారు. మిన్నోలతో తంటాలు వద్దనుకుంటే ఔన్సులో పదహారో వంతు బరువున్న చిన్న జిగ్, అంటే తల దగ్గర బరువున్న నకిలీ ఎర, అదే బాబర్ కింద కట్టండి. నీళ్ళు మట్టిగా ఉంటే పసుపు పచ్చ కలిసిన మెరిసే రంగు, తేటగా ఉంటే తెలుపో బూడిదో.

అందరూ చేసే తప్పు లోతు దగ్గరే. క్రాపీ కళ్ళు పైకి చూసేలా ఉంటాయి, తనకంటే పైన ఉన్న ఎరకోసం లేస్తుంది గానీ కిందికి దిగడం తక్కువ. అందుకని ముందు రెండడుగుల దగ్గర పెట్టండి, పది నిమిషాలు చూడండి, ఏమీ కాకపోతే అరడుగు దించండి, అలా దించుకుంటూ పోండి. ఒక చేప పడ్డ లోతుని గుర్తుపెట్టుకుని అందరి బాబర్లూ అక్కడే పెట్టేయండి. ఇంకో మాట, ఇది చూస్తే గానీ అర్థం కాదు: క్రాపీ తిన్నప్పుడు బాబర్ ప్రతిసారీ మునగదు. నిటారుగా నిలబడి ఉన్న బాబర్ కాస్త వణుకుతుంది, తర్వాత మెల్లగా పక్కకి ఒరిగి నీళ్ళ మీద పడుకుంటుంది. చేప ఎరని నోట్లో పెట్టుకుని పైకి లేచింది, హుక్ బరువు బాబర్ మీద నుంచి తప్పుకుంది, అందుకే అది పడుకుంది. కొత్తవాళ్ళు గాలి అనుకుని చూస్తూ ఉంటారు. పడుకున్న క్షణంలో మణికట్టుతో మెల్లగా ఎత్తాలి, మెల్లగానే. దీని నోటి పక్కన చర్మం పల్చటి కాగితంలా ఉంటుంది, ఎండలో పెడితే అవతలి వెలుగు కనిపిస్తుంది. నేను మొదటి ఏడాది బాస్‌కి లాగినట్టే ఝాడించి లాగేవాణ్ణి, ఒకే ఉదయం ఏడు చేపలు ఒడ్డు దగ్గరికి వచ్చి, నోట్లో చిరుగు పెద్దదై జారిపోయాయి. ఇప్పుడు పిల్లల చేతికి రాడ్ ఇచ్చే ముందు వల దగ్గర పెట్టుకుంటాను, క్రాపీని దారంతో గాల్లోకి ఎత్తనివ్వను.

తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ అని రెండున్నాయి. రంగు చూసి చెబితే పొరపాటు పడతారు. వీపు మీద రెక్కలో గట్టి ముళ్ళు లెక్కపెట్టాలి: ఐదో ఆరో ఉంటే తెల్లది, ఏడో ఎనిమిదో ఉంటే నల్లది. తెల్లది కాస్త మట్టి నీళ్ళలోనూ హాయిగా బతుకుతుంది, నల్లది తేట నీళ్ళు, గడ్డి ఉన్న చోటు కోరుకుంటుంది. టెక్సస్‌లో రెండింటికీ కలిపే లెక్క, 10 అంగుళాలు దాటితేనే ఉంచుకోవాలి, మనిషికి రోజుకి 25. పట్టిన ప్రతిదాన్నీ కొలబద్ద మీద పెట్టి చూపిస్తే పిల్లలకి అదే పెద్ద సరదా.

బాస్ దగ్గరికొస్తే వ్యవహారం మారిపోతుంది. దీనికి మూడు దశలు, మూడింటికీ మూడు రకాల గాలాలు, మీరు ఏ దశలో వెళ్ళారో తెలియకపోతే రోజంతా రాయి విసిరినట్టే ఉంటుంది. గుడ్లకి ముందు, నీళ్ళు 50ల్లో ఉన్నప్పుడు, అవి లోతుకీ ఒడ్డుకీ మధ్య ఏదో ఒక మలుపు దగ్గర, పాత వాగు గట్టు దగ్గర, నీళ్ళలో పెరిగిన గడ్డి అంచున ఆగి తింటాయి. అప్పుడు ఎరుపు రంగు లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్, అంటే చేప ఆకారంలో ఉండే గట్టి నకిలీ ఎర, వేసి, గడ్డికి తగిలించి, ఒక్క గుంజు గుంజి విడిపిస్తే ఆ విడిపోయిన క్షణంలోనే కొడుతుంది. అక్కడ ఎండ్రకాయల్లాంటి క్రాఫిష్‌లు బయటికొచ్చే కాలం అది, ఎరుపు పనిచేసేది అందుకే అంటారు. మీ జీవితంలో పెద్ద బాస్ పడితే ఈ దశలోనే పడే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆడది అత్యంత బరువుగా ఉండేది ఇప్పుడే. గుడ్ల దశలో మెత్తటి ప్లాస్టిక్ పురుగుని నడుం దగ్గర హుక్‌కి గుచ్చి, బరువు ఏమీ కట్టకుండా, దానంతటది వణుకుతూ దిగేలా వదలాలి. చేప తిన్నట్టు చేతికి తెలియదు, దారం పక్కకి నడుస్తుంది, అదే గుర్తు. గుడ్లయ్యాక ఆడవి అలసిపోయి కొన్నాళ్ళు ఏమీ ముట్టవు. ఏప్రిల్ చివర్లో, మే నెలలో షాడ్ చేపలు రాళ్ళ కట్టల వెంట గుడ్లు పెట్టే రోజుల్లో, సూర్యుడు వచ్చే ముందు అరగంట, బాస్ మళ్ళీ విరగబడి తింటాయి. ఒడ్డున నిలబడి పట్టేవాళ్ళకి నా లెక్కలో అదే మంచి సమయం, రేకు తిరుగుతూ మెరిసే నకిలీ ఎర, తెల్లటి స్పిన్నర్‌బెయిట్ ఒక్కటి చాలు.

గుడ్ల దశ గురించి ఒక మాట మనసులోంచి చెప్పాలి. ఒక ఏప్రిల్‌లో బాపు, అంటే మా నాన్న, కరీంనగర్ నుంచి వచ్చినప్పుడు రే రాబర్ట్స్ చెరువుకి తీసుకెళ్ళాను. నీళ్ళ మెరుపు కోసే కళ్ళద్దాలు ఆయనకి పెట్టి, ఒడ్డుకి ఆరడుగుల దూరంలో నేల మీద పళ్ళెమంత తెల్లటి మచ్చ చూపించాను. దాని మీద బాస్ ఒకటి, రెండు పౌండ్లు ఉంటుందేమో, కదలకుండా రెక్కలు మాత్రం ఆడిస్తూ నిలబడి ఉంది. అరచేతి సగమంత బ్లూగిల్ ఒకటి పక్క నుంచి మెల్లగా దగ్గరికి రాగానే బాణంలా దాని మీదికి దూకి, తరిమి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ సరిగ్గా అదే చోట నిలబడింది. బాపు చాలాసేపు చూసి, "గిది మన కొర్రమట్ట లెక్కనే కాస్తున్నది కదరా. దీన్ని పట్టుడెందుకు బిడ్డా, పిల్లలు ఆగమైతయి" అన్నారు. మన చెరువుల్లో కొరమీను జంట ఎర్రటి పిల్లల గుంపుని వెంటేసుకుని తిరగడం చూసి పెరిగిన మనిషి ఆయన. టెక్సస్‌లో గూటి మీదున్న బాస్‌ని పట్టడం చట్టానికి విరుద్ధం కాదు, చాలామంది పట్టి వెంటనే వదిలేస్తారు. కానీ కాపలా చేపని పది నిమిషాలు తీసేసినా ఆ బ్లూగిల్స్ గుడ్లన్నీ ఊడ్చేస్తాయి. గూడు కనిపిస్తే పక్కకి వెళ్ళండి అనే నా సలహా. తప్పనిసరిగా పట్టాలనిపిస్తే ఫోటో కూడా నీళ్ళ పక్కనే దిగి, అక్కడే వదిలేయండి.

వాతావరణం దగ్గర ఈ రెండింటికీ బాగా తేడా ఉంది. ఇక్కడ మార్చిలో ఒక రోజు 80 డిగ్రీల ఎండ, మర్నాడు ఉత్తరం నుంచి చల్లగాలి, ఆకాశం నీలంగా తేటగా. ఆ మర్నాడు బాస్ నోరు కట్టేసుకుంటుంది, ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా కష్టమే. క్రాపీ కూడా ఒడ్డు వదులుతుంది గానీ ఎక్కువ దూరం పోదు, దగ్గర్లో ఎనిమిది పదడుగుల లోతున్న కొమ్మల్లోకి దిగుతుంది, బాబర్ ముడి జరిపి వేస్తే దొరుకుతుంది. అందుకే చల్లగాలి వచ్చిన మర్నాడు ఎవరైనా అడిగితే ఆలోచించకుండా క్రాపీ అనే చెబుతాను. అదే చల్లగాలికి ముందు రోజు, మబ్బుగా, వెచ్చగా, దక్షిణం గాలి వీస్తూ ఉంటే మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టయినా బాస్‌కి వెళ్ళాలి. ఉరుము వినపడితే రాడ్ కింద పడేసి కారెక్కండి, ఆ గ్రాఫైట్ కర్రలు కరెంటు తీగల్లాంటివి.

ఎక్కడికి వెళ్ళాలంటే, మొదటిసారికి స్టేట్ పార్క్. కారణం లైసెన్స్. టెక్సస్‌లో 17 ఏళ్ళు నిండిన వాళ్ళందరికీ లైసెన్స్ కావాలి, విజిట్ మీద వచ్చిన అమ్మానాన్నలు గాలం పట్టుకోవాలన్నా కావాలి. కానీ స్టేట్ పార్క్ లోపల ఒడ్డు మీద నుంచో డాక్ మీద నుంచో పట్టేవాళ్ళకి అక్కర్లేదు, గేటు దగ్గర ఎంట్రీ ఫీజు కడితే చాలు. జో పూల్ చెరువు మీద సీడార్ హిల్ స్టేట్ పార్క్, రే రాబర్ట్స్ మీద ఐల్ డు బోయిస్, తవాకొనీ మీద ఉన్న పార్క్, ఇవన్నీ మనకి దగ్గరే. మామూలు ఏడాది లైసెన్స్ తీసుకుంటే సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా లెక్క కాబట్టి ఆగస్టులో కొనకండి.

బాస్ కోసమే ఎంత దూరమైనా వెళ్తామంటే లేక్ ఫోర్క్ ఉంది, డాలస్‌కి తూర్పున గంటన్నర. 1986లో ఈ రాష్ట్రం పెద్ద బాస్‌లని గుడ్ల కోసం అరువు తీసుకునే షేర్‌లంకర్ కార్యక్రమం మొదలుపెడితే అందులో మొదటి చేప, 17.67 పౌండ్లది, ఈ చెరువులోదే. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని తప్పనిసరిగా వదిలేయాలి, మిగతా చాలా చెరువుల్లో ఉన్న 14 అంగుళాలు, రోజుకి ఐదు అన్న రూల్ అక్కడ సరిపోదు. క్రాపీకి కూడా ఫోర్క్‌లో వేరే నియమం: డిసెంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా కొలత లేదు, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాల్సిందే, ఎందుకంటే చలికాలంలో లోతు నుంచి లాగిన చేప వదిలినా బతకదు. బయల్దేరే ముందు ఆ ఏడాది రూల్స్ ఫోన్‌లో చూసుకోండి.

ఈ రెండు చేపల మధ్య గీత గీయడం కుదరదనడానికి ఫోర్క్‌లోనే ఒక కథ ఉంది. టెక్సస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లు, 1992 జనవరి 24న బ్యారీ సెయింట్ క్లెయిర్ అనే ఆయన పట్టారు. ఆయన ఆ రోజు వెళ్ళింది క్రాపీకి, వేసిన ఎర మిన్నో. కాబట్టి మీ బాబర్ ఒరగకుండా ఒక్కసారిగా మాయమైతే రీల్ బ్రేక్ వదులు చేసి ఓపికగా ఆడించండి, ఆరు పౌండ్ల దారం మీదా పెద్దది వస్తుంది.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకి: మార్చిలో పైన ఎండ ఉన్నా నీళ్ళు ఒళ్ళు బిగుసుకుపోయేంత చల్లగా ఉంటాయి, ఈతొచ్చిన పెద్దవాళ్ళే చేతులు ఆడించలేరు. మునిగిపోయిన మనవాళ్ళ పిల్లల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఒడ్డు మీదైనా సరే చిన్నవాళ్ళకి లైఫ్ జాకెట్ వేయండి. పడవలో 13 ఏళ్ళ లోపు వాళ్ళకి అది చట్టం కూడా. గడ్డిలో అడుగు పెట్టే ముందు కర్రతో తట్టండి, కాటన్‌మౌత్ పాములు ఎండకి బయటికొచ్చే కాలం ఇదే. మిగిలిన మిన్నోలని చెరువులో పారబోయకండి, బకెట్ నీళ్ళు అక్కడే నేల మీద వంచి బయల్దేరండి. రే రాబర్ట్స్, లూయిస్‌విల్ చెరువుల్లో జీబ్రా మసెల్స్ అనే గుల్లలు పట్టాయి, కంటికి కనపడని వాటి పిల్లలు ఆ బకెట్ నీళ్ళలోనే ఇంకో చెరువుకి ప్రయాణం చేస్తాయి.

చివరికి వంటింట్లో. ఇక్కడ నాకు అనుమానమే లేదు, క్రాపీదే పైచేయి. లూజియానాలో దీన్ని సాక్-అ-లే అంటారు, పాల సంచి అని అర్థం, మాంసం అంత తెల్లగా ఉంటుంది. పులుసుకి మాత్రం పెట్టకండి, గరిట తగిలితే విడిపోతుంది. పులుసే కావాలంటే 15 అంగుళాల బాస్ ఒకటి చాలు, ముక్క గట్టిగా నిలబడుతుంది. పెద్ద బాస్‌ని తినకండి, చేప పెద్దదయ్యేకొద్దీ పాదరసం పేరుకుంటుంది, కాడో లేక్ లాంటి తూర్పు టెక్సస్ చెరువుల బాస్ మీద రాష్ట్రం హెచ్చరికలే ఇచ్చింది, గర్భిణులు, చిన్నపిల్లలు మరీ జాగ్రత్త. క్రాపీకి రెండు పక్కలా ఫిల్లెట్ తీసి, పొట్ట దగ్గరి పక్కటెముకలు కోసేసి, ఉప్పు, పసుపు, కారం, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచండి. ఎక్కువ ఉంచితే నిమ్మరసానికే మెత్తబడిపోతుంది. బియ్యప్పిండిలో దొర్లించి, నూనె బాగా కాగాక, పక్కకి రెండు నిమిషాలు. బాపు ఆ రాత్రి మొదటి ముక్క వేళ్ళతో విడదీసి ముల్లు కోసం వెతికారు, రెండో ముక్కకీ వెతికారు, మూడో ముక్క నుంచి వెతకడం మానేశారు.